వెంకటేశ్: పేరు అర్థం, చరిత్ర, ఆదరణ – తరచుగా అడిగే ప్రశ్నలు

మగపిల్లవాడు పుట్టాడనగానే చాలా తెలుగు ఇళ్లలో ముందుగా తలపుకు వచ్చే పేర్లలో వెంకటేశ్ ఒకటి. ఆ వెంటనే సందేహాలూ మొదలవుతాయి. అర్థం ఏమిటి, ‘శ’ రాయాలా ‘ష’ రాయాలా, పాత పేరు అనుకుంటారా, మన నక్షత్రానికి సరిపోతుందా అని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి వాటినీ, వాటి జవాబులనూ ఒకచోట కూర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకునేలా రాశాము.

## అర్థం తెలుసుకునే దశ

వెంకటేశ్ అంటే అసలు అర్థం ఏమిటి?

వేంకట, ఈశ అనే రెండు పదాలు గుణసంధితో కలిసి ‘వేంకటేశ’ అయింది. వేంకటం తిరుమలలోని కొండ పేరు, ఈశుడు అంటే ప్రభువు. కాబట్టి ఈ పేరుకు వేంకటాద్రికి ప్రభువైనవాడు అని అర్థం. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అనే ఏడు కొండల్లో చివరిదాని పేరు ఇందులో ఉంది. శేషగిరి, శేషాచలం, తిరుమలరావు, ఏడుకొండలు వంటి పేర్లు కూడా ఇలాగే కొండ నుంచి మనుషులకు వచ్చినవే. దేవుడి గుణాన్నో రూపాన్నో కాక ఆయన వెలసిన చోటును చెప్పే పేరు కావడమే దీని ప్రత్యేకత.

‘వేంకట’ అంటే పాపాలను కాల్చేది అంటారు, నిజమేనా?

వేంకటాచల మాహాత్మ్యాన్ని చెప్పే పురాణ భాగాల్లో ఈ వివరణ ఉంది. ‘వేం’ అంటే పాపాలు, ‘కట’ అంటే దహించడం, కనుక పాపాలను దహించే కొండ వేంకటం అని అక్కడ చెబుతారు. ‘వేం’ అమృతబీజమనీ, ‘కట’ ఐశ్వర్యమనీ చెప్పే మరో నిర్వచనం కూడా సంప్రదాయంలో వినిపిస్తుంది. ఒకే మాటకు రెండు వేర్వేరు విడదీతలు ఉన్నాయంటే, ఇవి భక్తులు ఆ పేరులో దర్శించిన భావాలని గ్రహించాలి. చరిత్ర దృష్టితో చూస్తే ‘వేంగడం’ అనే తమిళ రూపం ప్రాచీన సాహిత్యంలోనే కనిపిస్తుంది. పిల్లవాడికి పేరు పెట్టే సందర్భంలో పురాణార్థాన్ని చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అదే భాషాశాస్త్రపరమైన వ్యుత్పత్తి అని రాయడం సరికాదు.

ఈశ్వరుడంటే శివుడు కదా, విష్ణువు పేరులో ‘ఈశ’ ఎందుకు ఉంది?

ఈశ, ఈశ్వర అనే మాటలకు మూలార్థం పాలించేవాడు, అధిపతి అని మాత్రమే. వాడుకలో ఈశ్వరుడంటే శివుడన్న అర్థం స్థిరపడినా, రమకు ఈశుడైన రమేశుడు, ఇంద్రియాలకు ఈశుడైన హృషీకేశుడు విష్ణువే. గణేశుడిలోనూ సురేశుడిలోనూ ఉన్నది కూడా ఇదే పదం. వైష్ణవులు విష్ణువుగా, శైవులు శివుడిగా, వేదాంతులు పరబ్రహ్మగా కొలిచేది ఈ స్వామినేనని అన్నమయ్య ఒక కీర్తనలో చెప్పాడు. శివభక్తుల ఇళ్లలో కూడా ఈ పేరు ధారాళంగా వినిపించడానికి ఆ సమన్వయ భావన దోహదం చేసింది.

వెంకటేశ్, వెంకటేశ్వర్, వెంకటరమణ, శ్రీనివాస్, బాలాజీ అన్నీ ఒకటేనా?

దేవుడు ఒక్కడే, అర్థాలు వేరు. వెంకటేశ్, వెంకటేశ్వర్ రెండూ కొండకు ప్రభువు అని చెబుతాయి. వెంకటరమణ అంటే ఆ కొండ మీద ఆనందంగా విహరించేవాడు. వెంకటాచలం, వెంకటాద్రి నేరుగా కొండ పేర్లే. శ్రీనివాసుడు అంటే లక్ష్మికి నివాసమైనవాడు. బాలాజీ అనేది ఉత్తరాది భక్తులు ఎక్కువగా వాడే పేరు. అన్నదమ్ములకు వెంకటేశ్, శ్రీనివాస్ అని పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అందులో ఏ దోషమూ లేదు.

## చరిత్ర తెలుసుకునే దశ

ఈ పేరు ఎంత పాతది?

కొండ పేరుగా చాలా పాతది. తమిళ వ్యాకరణ గ్రంథమైన తొల్కాప్పియానికి ఉన్న పీఠికా పద్యంలో తమిళ దేశానికి ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి ఎల్లలని చెప్పారు. ప్రాచీన తమిళ సాహిత్యమైన సంగం కవితల్లోనూ వేంగడం ప్రస్తావనలు ఉన్నాయి. తరువాత తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లు తమ పాశురాల్లో, అంటే భక్తి పద్యాల్లో, ఆ కొండనూ కొండమీది స్వామినీ కీర్తించారు. తిరుమల ఆలయ శాసనాల్లో స్వామిని ‘తిరువేంగడముడైయాన్’ అన్నారు, అంటే తిరువేంగడం తనదిగా కలవాడు. ‘వేంకటేశ’ అనే సంస్కృత సమాసం చెప్పేది కూడా అచ్చంగా ఆ అర్థాన్నే.

మనిషి పేరుగా చూస్తే, 1268లో పుట్టిన వైష్ణవాచార్యుడు వేదాంత దేశికుల అసలు పేరు వేంకటనాథుడు. మంత్రాలయ రాఘవేంద్రస్వామికి సన్యాసం స్వీకరించక ముందున్న పేరు కూడా వేంకటనాథుడే. కర్ణాటక సంగీతంలో 72 మేళాల (మూల రాగాల) పద్ధతిని ప్రతిపాదించిన 17వ శతాబ్దపు వేంకటమఖి పేరులోనూ ఈ కొండ ఉంది.

తెలుగువారిలో ఈ పేరు ఇంతగా పాతుకుపోవడానికి కారణం ఏమిటి?

ఒకే కారణం కాదు, పాటా రాజ్యమూ యాత్రా మూడూ కలిశాయి.

తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) తన సంకీర్తనలను వేంకటేశ ముద్రతో, అంటే సంతకంలా చివర వచ్చే ఆ పేరుతో, ముగించాడు. పండితుల శ్లోకాల్లో ఉన్న పేరు ఆ పాటలతో జోలపాటల్లోకి, దంపుళ్ల పాటల్లోకి, పెళ్లిపాటల బాణీల్లోకి వచ్చింది. ఆయన కొడుకు, మనుమడు కూడా ఆ పనినే కొనసాగించారు. రాగిరేకులమీద చెక్కించిన ఆ సంకీర్తనలను తిరుమల ఆలయంలోనే ఒక గదిలో భద్రపరిచారు. ఒక పేరును తరాల పాటు వేల పాటల్లో పలికించిన కుటుంబం ఇంకొకటి మన సాహిత్యంలో కనిపించదు. పేరు వ్యాప్తికి నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

రాజుల ఆదరణ కూడా తక్కువది కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 వరకు ఏడుసార్లు తిరుమల యాత్ర చేశాడు. ఆయన తరువాత విజయనగరాన్ని ఏలిన అరవీటి వంశంలో రాజుల పేర్లే తిరుమల, శ్రీరంగ, వేంకట అయ్యాయి. 1586 నుంచి 1614 వరకు పాలించిన రెండవ వేంకటపతి రాయలు తిరుపతి పక్కనే ఉన్న చంద్రగిరిని కూడా రాజధానిగా చేసుకున్నాడు. ఆయన నాణేల మీద ఒకవైపు స్వామి రూపం, రెండోవైపు ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అనే నాగరి అక్షరాలు ఉండేవి. చేతిలోని బంగారు నాణెం మీదకే పేరు ఎక్కిన కాలం అది. తిరుమల మహాద్వారం దాటగానే కుడివైపున్న ప్రతిమా మండపంలో, ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల విగ్రహంతో పాటు వేంకటపతి రాయల విగ్రహం కూడా ఉంది. పేరు పెట్టుకున్న రాజు, ఆ పేరుగల స్వామి సన్నిధిలో ఇప్పటికీ భక్తుడిగా నిలబడి ఉన్నాడు.

ఇక యాత్ర సంగతి. సంతానం కోసం మొక్కుకోవడం, బిడ్డ పుట్టాక కొండకు తీసుకెళ్లి పుట్టువెంట్రుకలు ఇవ్వడం, ఆ బిడ్డకు స్వామి పేరే పెట్టడం అనే ఆచారం ఊరూరా నిలిచిపోయింది. మొక్కు తీర్చుకున్న గుర్తుగా పెట్టిన పేరు కాబట్టే దీన్ని మార్చడానికి పెద్దలు ఒప్పుకోరు.

‘వెంకటేశ్వర్లు’లో చివరి ‘లు’ ఎందుకు వచ్చింది?

అది గౌరవ బహువచనం. రామానుజులు, ఆచార్యులు, రాయలు అన్నట్టే వేంకటేశ్వరులు అన్నారు. పలుకుబడిలో ‘రు’లోని ఉకారం జారిపోయి వెంకటేశ్వర్లు అయింది. వెంకటరావు ‘వెంకట్రావు’గా, వెంకటరెడ్డి ‘వెంకట్రెడ్డి’గా మారినది కూడా ఇలాగే. ఇవి అపభ్రంశాలు కావు, తెలుగు నోటికి అమరిన రూపాలు.

ఈ పేరుగల ప్రముఖులు ఎవరెవరు?

చాలామందిలో ఈ పేరు పొడి అక్షరం వెనుక దాగి ఉంటుంది. మహాకవి గురజాడ పూర్తి పేరు గురజాడ వెంకట అప్పారావు. ఆయన ‘కన్యాశుల్కం’లో గిరీశం శిష్యుడి పేరు వెంకటేశం కావడం మరో విశేషం. ఘంటసాల అనగానే పాట గుర్తొస్తుంది గానీ, ఆ గాయకుడి పేరు వెంకటేశ్వరరావు (1922–1974). నటుడు ఎస్.వి. రంగారావు సామర్ల వెంకట రంగారావు, దర్శకుడు కె.వి. రెడ్డి కదిరి వెంకట రెడ్డి. 1991 నుంచి 1996 వరకు ప్రధానమంత్రిగా పనిచేసిన పి.వి. నరసింహారావు పాములపర్తి వెంకట నరసింహారావు. 2001లో కోల్‌కతాలో 281 పరుగులు చేసిన వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరులో రెండో ‘వి’ వెంకట.

వెంకయ్య రూపానికి జాతీయ పతాక రూపశిల్పి పింగళి వెంకయ్య (1876–1963) చిరస్మరణీయమైన గుర్తింపు తెచ్చారు. వెంకటేశ్ అనే పొట్టి రూపం తెరమీద ప్రముఖంగా కనిపించింది మాత్రం 1986లో కథానాయకుడిగా పరిచయమైన దగ్గుబాటి వెంకటేశ్‌తోనే.

ఇది తెలుగువారికి మాత్రమే చెందిన పేరా?

కాదు. కన్నడ సాహిత్యంలో 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందిన మాస్తి వెంకటేశ అయ్యంగార్, మరాఠీ రచయిత వ్యంకటేశ్ మాడ్గూళ్కర్ పేర్లే ఇందుకు సాక్ష్యం. మరాఠీలో ‘వ్యంకటేశ్’, తమిళంలో వెంకటేశన్, మలయాళంలో ‘వెంకిట’తో మొదలయ్యే రూపాలు వాడుకలో ఉన్నాయి. నోబెల్ పొందిన సి.వి. రామన్ పేరులోని ‘వి’ వెంకట. రమణ మహర్షికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వెంకటరామన్. మొదటి రెండు ప్రపంచకప్పుల్లో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన ఆటగాడు వెంకటరాఘవన్. తిరుమల యాత్రికులు ఏయే ప్రాంతాల నుంచి వచ్చేవారో, ఆ ప్రాంతాలన్నిటా పేరు ఉంది.

## ఆదరణ గురించి ఆలోచించే దశ

ఇప్పుడు ఈ పేరు పాతదైపోయిందా? పిల్లవాడు పెద్దయ్యాక మమ్మల్ని తప్పుపట్టడు కదా?

పేరు పోలేదు, దాని స్థానం మారింది. తాతల తరంలో వెంకయ్య, వెంకటేశ్వర్లు, వెంకటస్వామి అనేవి పిలిచే పేర్లు. తండ్రుల తరానికి అవి వెంకటేశ్, వెంకట్‌గా కుదించుకున్నాయి. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ‘వెంకట’ ముందుమాటగా నిలిచి, ఆ తరువాత సాయి, కార్తిక్, ఆదిత్య వంటి మరో పేరు పిలుపుగా వస్తోంది. తరగతి గదిలో హాజరు పిలిచేటప్పుడు వెంకటేశ్ అనే పిలుపు మునుపటికంటే తక్కువ వినిపిస్తుందన్నది నిజమే. దాన్ని లోపంగా చూడనక్కర్లేదు. ఒకప్పుడు ఒకే తరగతిలో ముగ్గురు నలుగురు వెంకటేశ్‌లు ఉంటే ఇంటిపేరుతో వేరు చేయాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ ఇబ్బంది తగ్గింది. పలకడానికి తేలిక, అర్థం స్పష్టం, దక్షిణాదిలో ఎక్కడికి వెళ్లినా పరిచితం. ఈ మూడు గుణాలూ కలిసిన పేరును పాతదని పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం.

ఆదరణలో ఇది ఎన్నో స్థానంలో ఉంది?

కొన్ని దేశాల్లో మాదిరిగా ఏటా పిల్లల పేర్లను వరుసక్రమంలో ప్రకటించే ప్రభుత్వ పద్ధతి మన దేశంలో లేదు. ‘ఈ ఏడాది తొలి వంద పేర్లు’ అంటూ కనిపించే జాబితాలను అధికారిక లెక్కలుగా తీసుకోవద్దు.

ఇది ఏదైనా కులానికి చెందిన పేరా?

కాదు. శర్మ, శాస్త్రి, రావు, రెడ్డి, నాయుడు, గౌడ్, యాదవ్ అన్న మాటల్లో ఏది వెనుక చేరినా ముందు వెంకట నిలబడుతుంది. పండితుడైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రికీ, తెలంగాణ దళిత నాయకుడు గడ్డం వెంకటస్వామికీ ఒకే దేవుడి పేరు ఉంది. తెలుగు సమాజంలో ఇన్ని మెట్లను ఇంత సహజంగా దాటిన పేర్లు తక్కువ.

‘వెంకటేశ్’ పెట్టడం మంచిదా, ‘వెంకట’ను ముందు పెట్టి మరో పేరు పెట్టడం మంచిదా?

మొక్కు ఉంటే రెండు విధాలా తీరినట్టే. పిల్లవాడిని ఏ పేరుతో పిలవాలనుకుంటున్నారో అదే అతని ముఖ్యమైన పేరు కావాలి. కాగితం మీద వెంకట సత్య సాయి నాగ కార్తిక్ అని రాసి, ఇంట్లో చిన్నూ అని పిలిస్తే, స్వామి పేరు పలకడం కోసమే పేరు పెట్టిన ఉద్దేశం నెరవేరదు. పిలవాలన్న కోరిక ఉన్నవారు వెంకటేశ్ అనే పెట్టుకోవడం ఉత్తమం.

## నామకరణం దశ

మా బాబు నక్షత్రానికి ‘వె’ అక్షరం రాదు. ఈ పేరు పెట్టకూడదా?

పంచాంగాల్లో మృగశిర నాలుగు పాదాలకు వె, వో, కా, కి అక్షరాలు ఇస్తారు. అంటే ‘వె’ మృగశిర మొదటి పాదానిది. అయితే మన సంప్రదాయంలో నక్షత్ర నామం, మాస నామం, దేవతా నామం, వ్యావహారిక నామం అని వేర్వేరు పేర్లు చెప్పారు. నక్షత్రాక్షరంతో వచ్చే పేరును పూజల్లో వాడుకుని, దేవతా నామమైన వెంకటేశ్‌ను వాడుక పేరుగా పెట్టుకోవచ్చు. శ్రవణం స్వామివారి నక్షత్రం, శనివారం ఆయనకు ప్రీతికరమైన వారం. కాబట్టి ఆ నక్షత్రంలోనో ఆ వారంలోనో పుట్టిన పిల్లలకు ఈ పేరు పెట్టడం కొన్ని కుటుంబాల్లో ఆనవాయితీ, అంతేగాని మిగతావారికి నిషేధం ఏమీ లేదు.

మగపిల్లల పేరులో సరి సంఖ్యలో అక్షరాలు ఉండాలట, ఇందులో ఎన్ని?

రెండు లేదా నాలుగు అక్షరాల పేరు మగపిల్లలకు తగినదని ఇంటి సంస్కారాల పద్ధతిని చెప్పే ప్రాచీన గ్రంథాలైన గృహ్యసూత్రాలు చెబుతాయి. వేం, క, టే, శ అని లెక్కిస్తే ‘వేంకటేశ’ నాలుగు అక్షరాలు, నియమానికి సరిపోతుంది. ‘వేంకటేశ్వర’ అయిదు అక్షరాలు. ఆధునిక వాడుకలో ఈ నియమాన్ని పట్టించుకునేవారు తక్కువే అయినా, పట్టింపు ఉన్న కుటుంబాలకు పొట్టి రూపం అనుకూలం.

బారసాలలో బియ్యం మీద ఏ రూపం రాయాలి?

పళ్లెంలో పరిచిన బియ్యం మీద తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాసేటప్పుడు ‘వేంకటేశ శర్మ’, ‘వేంకటేశ వర్మ’ వంటి సంస్కృత రూపాన్ని పురోహితుడు చెప్పవచ్చు. ఆ తరువాత బిడ్డ కుడి చెవిలో అదే పేరు చెబుతారు. అక్కడ చెప్పిన రూపమే ధ్రువపత్రాల్లో ఉండాలన్న నియమం లేదు.

మా మామగారి పేరు వెంకటేశ్వర్లు. అదే పేరు బాబుకు పెడితే నేను ఎలా పిలవను?

అత్తమామల పేర్లు నోట పలకకూడదనే మర్యాద పాటించే ఇళ్లలో ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది. అందుకే తాత పేరు వెంకటేశ్వర్లు అయితే మనుమడిని వెంకీ, వెంకట్, చిన్నయ్య, తాతబాబు అని పిలుచుకోవడం వాడుకలోకి వచ్చింది. పెద్దాయన బతికుండగానే పేరు పెట్టాలనుకుంటే ఆయననే అడిగి పిలుపు నిర్ణయించడం బాగుంటుంది. మనుమడి పిలుపు తాతే ఎంచినప్పుడు కోడలికి సంకోచం ఉండదు.

## ధ్రువపత్రాల దశ

వెంకటేశ్ సరా, వెంకటేష్ సరా?

‘ఈశ’ అనే పదంలో ఉన్నది ‘శ’. కాబట్టి వెంకటేశ్ అనేదే సరైన రూపం. రమేశ్, సురేశ్, మహేశ్, గణేశ్‌లకూ ఇదే వర్తిస్తుంది. సినిమా పోస్టర్లలో, పత్రికల్లో ‘ష్’ విస్తారంగా కనిపించడం వల్ల అదే సరైనదనిపిస్తుంది. కొత్తగా పేరు నమోదు చేసేవారు ‘శ్’ రాయించండి. ఇప్పటికే ‘ష్’తో పత్రాలున్న పెద్దవారు అక్షరం కోసం వాటిని మార్పించుకోనవసరం లేదు.

‘వెం’ రాయాలా, ‘వేం’ రాయాలా?

రెండూ సరైనవే. సంస్కృత రూపంలో దీర్ఘం ఉంది కాబట్టి శ్లోకాల్లో, ఆలయానికి సంబంధించిన రాతల్లో ‘వేంకటేశ్వర’ అని కనిపిస్తుంది. తెలుగు వాడుకలో వ్యక్తుల పేర్లకు ‘వెం’ స్థిరపడింది. ఏదో ఒకటి ఎంచుకుని అన్ని కాగితాల్లోనూ అదే ఉంచడం ముఖ్యం.

పేరు లేకుండానే జనన నమోదు చేయించాము. ఎప్పటిలోగా పేరు చేర్చాలి?

జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, అప్పటికి పేరు నిర్ణయించకపోయినా నమోదు ఆగదు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు. ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి బడి ప్రవేశం, పాస్‌పోర్టు వంటి పనులకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందుచేత పేరును ఆలస్యం చేయకుండా, ఒకటికి రెండుసార్లు అక్షరాలు చూసుకుని చేర్పించడం మంచిది.

ఇంటిపేరు, వెంకట, పిలిచే పేరు అన్నీ కలిపితే చాలా పొడవవుతోంది. ఏం చేయాలి?

జనన ధ్రువపత్రంలోనే ఇంటిపేరును, పేరును పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకూ సొంత పేరుకూ వేర్వేరు గడులు ఉంటాయి, అక్కడ పొడి అక్షరాలను విడమరిచి రాయాల్సి వస్తుంది. బడిలో ‘కె.వి. సాయి’ అని, ఆధార్‌లో ‘వెంకట సాయి’ అని ఉంటే తరువాత ఒక్కో కార్యాలయంలో ఒక్కో అఫిడవిట్ అడుగుతారు. ‘వెంకటసాయి’ అని కలిపి రాస్తారా, ‘వెంకట సాయి’ అని విడదీస్తారా అన్నది కూడా మొదటి రోజే తేల్చుకోవాలి.

సంఖ్యాశాస్త్రం ప్రకారం ఇంగ్లీషులో అక్షరాలు పెంచమంటున్నారు. పెంచవచ్చా?

చట్టం అడ్డుకోదు. కానీ ఒక అక్షరం అదనంగా చేరితే, ఆ పిల్లవాడు జీవితాంతం ప్రతి కౌంటర్ దగ్గరా తన పేరు అక్షరాలు విడివిడిగా చెప్పుకోవాల్సి వస్తుంది. ఇంగ్లీషు రాతలో ‘వి’తో మొదలై ‘ఎస్ హెచ్’తో ముగిసే రూపం అందరికీ అలవాటైనది. అలవాటైన రాతనే ఉంచమని మా సలహా.

## పిలుపు దశ

ముద్దుగా ఏమని పిలవవచ్చు?

వెంకీ, వెంకట్, వెంకన్న, వెంకు అనేవి వాడుకలో ఉన్నాయి. వెంకన్న అనే పిలుపులో అన్న వరసా దేవుడి పేరూ రెండూ ఉన్నాయి. కొండమీది స్వామిని కూడా భక్తులు ‘వెంకన్నా’ అనే చనువుగా పిలుస్తారు.

ఆడపిల్ల పుడితే ఇదే పేరును ఎలా పెట్టవచ్చు?

వెంకటలక్ష్మి, వెంకటరమణమ్మ, వెంకాయమ్మ సంప్రదాయ రూపాలు. భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ (1730–1817) పేరులోనూ వేంకటమే ఉంది. కొత్త రూపం కావాలనుకునేవారు స్వామి దేవేరుల పేర్లైన పద్మావతి, పద్మ, అలమేలు, శ్రీ వైపు చూడవచ్చు. అన్న వెంకటేశ్, చెల్లెలు పద్మ అయితే ఇద్దరి పేర్లూ ఒకే కథలోవే అవుతాయి.